రాయి మీద మొదటి మాట

స్కాట్లండ్ ఆగ్నేయ మూలన, ఇంగ్లండ్ సరిహద్దుకు దగ్గర్లో చర్న్‌సైడ్ అనే చిన్న ఊరుంది. ఆ ఊరి చర్చి ఆవరణలోని ఒక సమాధిని చూడటానికి దేశదేశాల నుంచి కారు పందేల అభిమానులు ఇప్పటికీ వస్తుంటారు. అక్కడ నిద్రపోతున్న మనిషి జిమ్ క్లార్క్. ఫార్ములా వన్‌లో 1963లోనూ 1965లోనూ ప్రపంచ ఛాంపియన్. అమెరికావాళ్లు ప్రాణంగా చూసుకునే ఇండియానాపొలిస్ 500 పందెం విజేత. 25 గ్రాండ్ ప్రీలు గెలిచి, అంతకుముందు హువాన్ మాన్యుయల్ ఫాంజియో పేరిట ఉన్న 24 విజయాల రికార్డును దాటినవాడు. ఈ గెలుపుల సంగతి రాయి మీద ఉంది. అయితే అది పేరు కిందే లేదు. పేరు కింద ముందుగా ఉన్నది రైతు అన్న మాట, ఆయన పొలం పేరు ఎడింగ్టన్ మెయిన్స్. పందేల సంగతి ఆ తర్వాతే వస్తుంది.

ఈ వరసను చూసినవాళ్లు సాధారణంగా దాన్ని వినయం కింద జమ కడతారు. ఎంత ఎదిగినా పుట్టిన మట్టిని మరవలేదని మెచ్చుకుంటారు. ఆ మెచ్చుకోలులో తప్పేమీ లేదు కానీ అసలు విషయం అందులోంచి జారిపోతుంది. ఆ రాయి మీద మాటలు మర్యాద కోసం పేర్చినవి కావు, ఉన్నదున్నట్టు చెక్కినవి. క్లార్క్ నడిపిన తీరును దగ్గరగా చూస్తే అది ఒక రైతు నడిపిన తీరు. మన సేద్యంలో అదును, పదును అని రెండు మాటలున్నాయి. అదును కాలానికి సంబంధించింది, పదును నేలకు సంబంధించింది. వాన పడగానే దుక్కి దున్నితే మడ్డి అవుతుంది, ఆలస్యం చేస్తే గడ్డకడుతుంది. ఆ మధ్యనున్న కొద్దిపాటి వ్యవధిని పట్టుకోవడమే సేద్యం. అరక కట్టిన ఎద్దులో ఇంకా ఎంత శక్తి ఉందో, సాయంత్రం దాకా ఎన్ని చాళ్లు లాగగలదో చూపుతోనే అంచనా కట్టడం కూడా అందులో భాగమే. క్లార్క్ కారుతో చేసింది సరిగ్గా ఇదే.

ఆయన 1936 మార్చి 4న ఫైఫ్ ప్రాంతంలోని కిల్మనీలో పుట్టాడు. నలుగురు అక్కల తర్వాత ఒక్కడే కొడుకు. 1942లో కుటుంబం ఎడింగ్టన్ మెయిన్స్‌కు మారింది. గొర్రెలు, పశువులు, ధాన్యం పంటలు అన్నీ ఉన్న పెద్ద కమతం అది. పేరున్న బడిలో చదువుకుంటున్న కుర్రాడు పదహారేళ్లకే చదువు ఆపి ఇంటికి రావలసి వచ్చింది. తాత, చిన్నాన్న వరసలోని ఒక దగ్గరి బంధువు పోవడంతో పొలాల మీద పనిచేసే చేతులు తక్కువయ్యాయి. వచ్చినవాడు మొదట చేసింది గొర్రెల కాపరి పని. స్కాట్లండ్ సరిహద్దు ప్రాంతాల్లో అది చిన్నాచితకా పని కాదు. ఈనే కాలంలో చలిలో, చీకట్లో మంద దగ్గర కాపు కాయాలి. ఏ గొర్రె నడకలో తేడా వచ్చిందో దూరం నుంచే పసిగట్టాలి. గట్టిగా అదిలిస్తే మంద చెదిరిపోతుంది, నెమ్మదిగా ఒత్తిడి తెస్తే ఎటు కావాలంటే అటు మళ్లుతుంది. ఈ మాట గుర్తుంచుకుంటే ఆయన మలుపులు తిప్పిన పద్ధతి అర్థమవుతుంది.

పొలానికీ పందేనికీ ఏం సంబంధమని అడిగేవాళ్లు యుద్ధానంతర బ్రిటన్ పల్లెల్ని ఒకసారి చూడాలి. రెండో ప్రపంచ యుద్ధంలో వైమానిక దళం కోసం పంట పొలాల మధ్య పరిచిన కాంక్రీటు రన్‌వేలు యుద్ధం అయ్యాక ఖాళీగా మిగిలాయి. వాటి మీదే కుర్రాళ్లు కారు పందేలు మొదలుపెట్టారు. నేటికీ బ్రిటిష్ గ్రాండ్ ప్రీ జరిగే సిల్వర్‌స్టోన్ అలాంటి పాత విమానాశ్రయమే. ఎడింగ్టన్ మెయిన్స్‌కు అందుబాటులో ఉన్న చార్టర్‌హాల్ కూడా అంతే. యువ రైతుల సంఘాల్లో కలుసుకునే కుర్రాళ్లకు ట్రాక్టరు విప్పి బిగించడం చేతనవును, ఇంజిన్ చప్పుడు విని రోగం చెప్పడం చేతనవును, వేగం మీద మోజు ఉండనే ఉంది. క్లార్క్‌ను పందేల్లోకి లాగింది అలాంటి ఒక రైతు స్నేహితుడే, పేరు ఇయాన్ స్కాట్ వాట్సన్. 1956 జూన్‌లో క్రైమండ్ దగ్గర జరిగిన పందెంలో తన డీకేడబ్ల్యూ కారునే ఆయన చేతికిచ్చాడు. క్లార్క్ తల్లిదండ్రులకు ఈ వ్యవహారం మొదటినుంచీ ఇష్టం లేదు. ఒక్కగానొక్క కొడుకు, పైగా పొలం చూసుకోవలసినవాడు. వాళ్ల భయం ఎంత సహేతుకమో తర్వాత తేలింది. 1958లో బోర్డర్ రీవర్స్ అనే స్థానిక జట్టు తరఫున జాగ్వార్ డీ టైప్ నడిపి వరసగా గెలిచాక ఈ కుర్రాడి పేరు దక్షిణాది ఇంగ్లండ్ దాకా పాకింది. ఆ ఏడాది క్రిస్మస్ మర్నాడు బ్రాండ్స్ హ్యాచ్‌లో లోటస్ కంపెనీ యజమాని కోలిన్ చాప్‌మన్ స్వయంగా పాల్గొన్న పందెంలో ఆయన వెనకే రెండో స్థానంలో వచ్చాడు. చాప్‌మన్ ఆ కుర్రాణ్ణి మరిచిపోలేదు. 1960లో క్లార్క్ లోటస్ జట్టు తరఫున ఫార్ములా వన్‌లో అడుగుపెట్టాడు. చివరిదాకా ఆ జట్టు వదల్లేదు.

చాప్‌మన్ గురించి తెలిస్తేనే క్లార్క్ గొప్పతనం పూర్తిగా తెలుస్తుంది. బరువు తగ్గించడం చాప్‌మన్ సిద్ధాంతం. 1962లో వచ్చిన లోటస్ 25లో ఇనుప గొట్టాల చట్రమే లేదు. పలచని రేకులతో పడవలాంటి డొల్ల కట్టి, అందులోనే డ్రైవర్‌ను దాదాపు పడుకోబెట్టారు. వేగంలో దానికి సాటి లేదు. కానీ అవసరమైన దానికంటే ఒక్క పిసరు కూడా ఎక్కువ బలం లేని బండి అది. ఏ భాగం ఎప్పుడు వదిలేస్తుందో చెప్పలేం. అలాంటి కారులో గెలవాలంటే వేగంగా నడిపితే చాలదు, ముగింపు గీత దాకా బతికించాలి. తోటి డ్రైవర్ల కంటే క్లార్క్ కారులో బ్రేకులు, టైర్లు తక్కువ అరిగేవని మెకానిక్కులు చెప్పేవారు. మలుపు ముందు బ్రేకును తొక్కేసినట్టు కాక ఒత్తినట్టుగా నొక్కి, స్టీరింగ్‌ను గుంజకుండా ఒకే ధారగా తిప్పేవాడు. చూసేవాళ్లకు నెమ్మదిగా పోతున్నట్టే అనిపించేది, గడియారం మాత్రం వేరే మాట చెప్పేది. తర్వాత మూడుసార్లు ఛాంపియన్ అయిన జాకీ స్టూవర్ట్ క్లార్క్ వెనకే కారు నడుపుతూ ఆ మృదుత్వాన్ని నేర్చుకున్నానని ఎన్నోసార్లు చెప్పాడు.

రెండు పందేలను దగ్గరగా చూద్దాం. మొదటిది 1963 జూన్‌లో బెల్జియంలోని స్పాలో జరిగింది. ఆర్డెన్ అడవుల మధ్య ఊళ్లను కలిపే మామూలు రోడ్లే ఆ రోజుల్లో పందెపు బాట, ఒక చుట్టు 14 కిలోమీటర్లు. పక్కన గోడ లేదు, కంచె లేదు, ఇళ్లూ చెట్లూ పొలాలే. ఆ చోటంటే క్లార్క్‌కు వణుకు. 1960లో అక్కడే ఒకే పందెంలో ఇద్దరు డ్రైవర్లు చనిపోయారు, అందులో అలన్ స్టేసీ తన సొంత జట్టువాడు. ఈసారి ఎనిమిదో స్థానం నుంచి మొదలుపెట్టి మొదటి చుట్టులోనే అందరినీ దాటాడు. కాసేపటికి కారు పై గేరులోంచి జారిపోవడం మొదలైంది. దిగి బాగుచేసే వీలు లేదు. ఒక చేత్తో గేరు రాడ్‌ను పట్టి ఉంచి, రెండో చేత్తో స్టీరింగ్ తిప్పుతూ సాగాడు. ఆ తర్వాత కుండపోత వాన. ఒంటిచేత్తో, తడి రోడ్డు మీద, అంతటి వేగంలో కారును చివరి దాకా తెచ్చాడు. రెండో స్థానంలో వచ్చిన బ్రూస్ మెక్‌లారెన్‌కూ ఆయనకూ మధ్య తేడా దాదాపు ఐదు నిమిషాలు. ఇష్టం లేని ఆ స్పాలో 1962 నుంచి 1965 దాకా వరసగా నాలుగేళ్లు ఆయనే గెలిచాడు.

రెండోది 1965 సిల్వర్‌స్టోన్. చాలాసేపు ముందున్న క్లార్క్ కారులో పందెం చివర్లో ఆయిల్ అడుగంటింది. ఇంజిన్‌లో ఆయిల్ తగ్గినప్పుడు తిన్నటి దారిలో పెద్ద ప్రమాదం ఉండదు. మలుపులోనే అసలు చిక్కు. కారు తిరిగేటప్పుడు మిగిలిన కాస్త ఆయిలూ ఒక పక్కకు ఒరిగిపోతుంది, పంపుకు గాలి తప్ప ఏమీ అందదు, బేరింగులు ఎండిపోయి ఇంజిన్ క్షణాల్లో సీజ్ అవుతుంది. క్లార్క్ ఏం చేశాడంటే, మలుపు దగ్గరికి రాగానే ఇంజిన్ ఆపేసి, ఉన్న ఊపుతోనే కారును మలుపు దాటించి, తిన్నటి దారి రాగానే మళ్లీ ఇంజిన్ అందుకునేవాడు. ఇలా చుట్టు తర్వాత చుట్టు. వెనక నుంచి గ్రాహమ్ హిల్ తరుముకొస్తున్నాడు. అర నిమిషానికి పైగా ఉన్న తేడా ప్రతి చుట్టుకూ కరిగిపోతోంది. ఎంత పోగొట్టుకోవచ్చు, ఎంత మిగుల్చుకోవాలి అన్న లెక్క ఆయన తలలో నడుస్తూనే ఉంది. గీత దాటేసరికి మిగిలింది 3.2 సెకన్లు. చెరువులో నీళ్లు అడుగంటిన ఏడు ఏ మడికి ఎన్ని తడులు ఇవ్వాలో లెక్క వేసుకుని పంట గట్టెక్కించే రైతును ఎరిగినవాళ్లకు ఈ గెలుపు గురించి వేరే వివరించి చెప్పాల్సిన పని లేదు.

ఇక్కడ గట్టి అభ్యంతరమే ఒకటి వస్తుంది. క్లార్క్ అంత పొదుపరి అయితే ఆయన కార్లు అన్నిసార్లు ఎందుకు ఆగిపోయాయి? 72 గ్రాండ్ ప్రీల్లో 25 గెలిచిన మనిషి రెండో స్థానంలో వచ్చింది ఒకే ఒక్కసారి, 1963లో జర్మనీలో. అయితే గెలుపు, లేకపోతే కారు చెడిపోవడం అన్నట్టుగా ఆ లెక్క కనిపిస్తుంది. 1962 చివరి పందెంలో, దక్షిణాఫ్రికాలోని ఈస్ట్ లండన్‌లో, ముందుండగా ఆయిల్ కారిపోయి టైటిల్ గ్రాహమ్ హిల్‌కు పోయింది. 1964 చివరి పందెంలో, మెక్సికోలో, ఇక అయిపోయిందనుకున్న దశలో మళ్లీ ఆయిల్ కారింది, టైటిల్ జాన్ సర్టీస్‌కు పోయింది. నిజమే. కానీ ఈస్ట్ లండన్‌లో ఆయిల్ పోవడానికి కారణం ఒక బోల్టు ఊడిపోవడం. బోల్టు ఊడటం డ్రైవర్ చేతి తప్పు కాదు. విత్తనం పుచ్చిపోతే దున్నినవాణ్ణి ఏమనగలం? పైగా ఈ లెక్కను తిరగేసి చూడాలి. అంత పలచని కార్లతో, పక్కవాళ్లు ఎంతోమంది మధ్యలో ఆగిపోయిన ఆ కాలంలో, మూడింట ఒక వంతుకు పైగా పందేలు గెలవడం బండిని కాపాడుకోవడం తెలియనివాడి వల్ల అయ్యే పనేనా?

పొదుపు అంటే వెనకాడటం అనుకునేవాళ్లకు జవాబు 1967లో ఇటలీలోని మోంజాలో జరిగిన పందెంలో దొరుకుతుంది. ముందున్న క్లార్క్ కారు టైరు పంక్చర్ అయింది. మార్పించుకుని వచ్చేసరికి ఒక చుట్టు మొత్తం వెనకబడ్డాడు. ఫార్ములా వన్‌లో చుట్టు పోగొట్టుకున్నవాడు మామూలుగా ఆ రోజుకు ఆశ వదులుకుంటాడు. క్లార్క్ ఆ చుట్టును పూర్తిగా తిరిగి సంపాదించి, ఒక్కొక్కరినే దాటుకుంటూ మళ్లీ మొదటి స్థానానికి వచ్చాడు. ఆఖరి చుట్టులో ఇంధనం అందక కారు నెమ్మదించింది, మూడో స్థానంతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఆయన గెలవని పందేల్లో అభిమానులు ఎక్కువగా తలుచుకునేది దీన్నే. కోతల కాలంలో వాన మబ్బు కమ్మితే రైతు రాత్రింబవళ్లు కళ్లంలోనే ఉంటాడు. దాచుకోవడం తెలిసినవాడికే ఎప్పుడు ఖర్చుపెట్టాలో తెలుస్తుంది.

ఇంకో అభ్యంతరం వర్గానికి సంబంధించింది. క్లార్క్ కుటుంబానిది పెద్ద కమతం, ఖరీదైన బడి చదువు, సొంత కారు కొనుక్కునే స్తోమత. రెండెకరాల మెట్ట చేసుకునే మన రైతును ఆయన పక్కన నిలబెట్టి ఇద్దరూ రైతులే అనడం న్యాయమా అని అడగవచ్చు. ఆ ప్రశ్న సబబైనదే, దాన్ని దాటవేయకూడదు. ఆ డబ్బు, ఆ తీరిక లేకపోతే ఆయన పందెపు బాట దాకా వచ్చి ఉండేవాడు కాదు. మోటారు పందేలు ఈనాటికీ కలిగినవాళ్ల ఆటే, ప్రతిభ ఉండీ స్టీరింగ్ ముట్టని పల్లెటూరి పిల్లలు ఎన్ని వేలమందో! కానీ స్తోమత తలుపు తీస్తుంది, అంతే. ఆ రోజుల్లో ఆయన కంటే ఎన్నో రెట్లు డబ్బున్న కుర్రాళ్లు పందేలకు వచ్చారు, ఊరూ పేరూ లేకుండా వెళ్లిపోయారు. తలుపు దాటాక ఆయన చేతుల్లో కనిపించిన ఓపిక మాత్రం బ్యాంకు ఖాతాలోంచి వచ్చింది కాదు.

మరి రైతులు కాని ఛాంపియన్ల సంగతేమిటి? ఫాంజియో మెకానిక్, గ్రాహమ్ హిల్ కూడా మెకానిక్‌గానే మొదలయ్యాడు, స్టూవర్ట్ గ్యారేజీ నడిపే కుటుంబంలో పుట్టాడు. పొలం లేకుండా కూడా గొప్ప డ్రైవర్ కావచ్చు. రైతు అయితేనే ఛాంపియన్ అవుతాడని ఎవరూ అనలేరు. ఈ వ్యాసం చెబుతున్నది అంతకంటే చిన్న మాట. ప్రతి ఒక్కరూ తమ పని నుంచి ఏదో ఒక అలవాటు వెంట తెచ్చుకుంటారు. మెకానిక్ యంత్రాన్ని విప్పి తెలుసుకుంటాడు. క్లార్క్‌కు కారు లోపలి సంగతులు మెకానిక్‌కు తెలిసినంతగా తెలియవు. ప్రాణమున్నదాన్ని తెలుసుకున్నట్టుగా దాన్ని తెలుసుకున్నాడు, విప్పకుండానే, నడకను బట్టి. కారులో ఏదైనా చెడితే చెప్పకుండా దానికి తగ్గట్టుగా తన నడపడాన్నే మార్చేసుకునేవాడని, అందువల్ల అసలు లోపం ఎక్కడుందో పట్టుకోవడం జట్టుకు కష్టమయ్యేదని కూడా అంటారు. కుంటుతున్న ఎద్దుకు తగ్గట్టు అరకను సర్దుకునే మనిషి చేసేదీ అదే.

సమాధి రాయి మీది మాటలు ఆయన రాసుకున్నవి కావు, పందేలంటే గిట్టని కుటుంబం కోరికే అందులో ఉందన్న వాదనను కూడా విందాం. చివరి ఏడాది పన్నుల కారణంగా ఆయన బ్రిటన్‌కు దూరంగా, ఎక్కువగా పారిస్‌లో గడిపాడు. సొంత దేశంలో లెక్కపెట్టిన రోజులే ఉండగలిగాడు. అప్పటికి ఆయన్ను రైతు అనడం ఎలా? పందేలు ఆయన్ను పొలం నుంచి ఎంత దూరం తీసుకెళ్లాయో అది చెబుతుంది, అందులో బాధ ఉంది. కానీ అంతకు ముందు ఏళ్ల తరబడి యూరప్ నుంచి, అమెరికా నుంచి, శీతాకాలం పందేల కోసం వెళ్లిన న్యూజిలాండ్, ఆస్ట్రేలియాల నుంచి ఆయన తిరిగి వచ్చింది ఎడింగ్టన్ మెయిన్స్‌కే. 1961లో మోంజాలో తన కారూ వోల్ఫ్‌గాంగ్ ఫాన్ ట్రిప్స్ కారూ తాకి, ఫాన్ ట్రిప్స్‌తో పాటు పదిహేనుమంది ప్రేక్షకులు పోయినప్పుడు, పందేలు మానేయాలా అన్న ఆలోచన కూడా వచ్చింది. జనంలో బిడియపడేవాడు, గోళ్లు కొరుక్కునేవాడు, చిన్న చిన్న విషయాలు కూడా తేల్చుకోలేకపోయేవాడు అని స్నేహితులు చెప్పుకున్న మనిషి, స్టీరింగ్ ముందు కూర్చున్నాక, మంద మధ్య నిలబడ్డాక మాత్రం తడబడలేదు. 1965లో మోనాకో పందెం వదులుకుని ఇండియానాపొలిస్ వెళ్లి, 200 చుట్లలో 190 చుట్లు ముందుండి గెలిచినప్పుడు అమెరికా పత్రికలు ఆయన్ను స్కాట్లండ్ గొర్రెల రైతుగానే పరిచయం చేశాయి. వెనక ఇంజిన్ ఉన్న కారు ఆ పందెం గెలవడం అదే మొదటిసారి. అక్కడినుంచి ముందు ఇంజిన్ కార్ల కాలం చెల్లిపోయింది.

1968 ఏప్రిల్ 7న జర్మనీలోని హాకెన్‌హైమ్‌లో, ఫార్ములా వన్ కూడా కాని ఒక ఫార్ములా టూ పందెంలో, చెమ్మగిల్లిన దారిపై ఆయన కారు ఒక్కసారిగా బాట తప్పి చెట్లను గుద్దుకుంది. బాటకూ అడవికీ మధ్య అడ్డుకట్ట అన్నది లేదు. వెనక టైరులో గాలి మెల్లగా దిగిపోయి ఉంటుందన్నది ఎక్కువమంది ఒప్పుకున్న కారణం. ఆయన వయసు 32. ఆ రోజు అదే పందెంలో ఉన్న క్రిస్ ఏమన్ కూడా న్యూజిలాండ్‌లో గొర్రెల పెంపకందారుల ఇంటి బిడ్డే. జిమ్మీకే ఇలా జరిగితే మిగతా మాలాంటి వాళ్ల గతేమిటి అన్న భయం డ్రైవర్లందరినీ పట్టుకుందని ఆయన తర్వాత చెప్పాడు. యంత్రాన్ని అందరికంటే తక్కువ నొప్పించి నడిపిన మనిషికి యంత్రమే ద్రోహం చేసింది కదా. పందెపు బాటల పక్కన అడ్డుకట్టలు ఉండాలని స్టూవర్ట్ ఆ తర్వాత ఏళ్లలో చేసిన పోరాటానికి ఆ భయమూ బలమిచ్చింది. హాకెన్‌హైమ్ చెట్ల ముందు కూడా చివరికి అడ్డుకట్టలు వచ్చాయి.

ఆయన గెలిచిన కప్పుల్ని తల్లిదండ్రులు డన్స్ పట్టణానికి ఇచ్చేశారు. 1969లో అక్కడ ఆయన పేరిట ఒక గది తెరిచారు. యాభై ఏళ్ల తర్వాత, 2019లో, అదే పట్టణంలో అది ఒక మ్యూజియం అయింది. చర్న్‌సైడ్ ఊరి మధ్యన ఆయన జ్ఞాపకంగా ఒక గడియారం నిలబెట్టారు, దాని నెత్తిన చిన్న లోటస్ కారు బొమ్మ ఉంది. అక్కణ్ణుంచి చర్చి నడిచిపోయేంత దూరమే, చుట్టూ పొలాలే.